తలారులు తగలేసిన బండి

అనగా అనగా మీ తాతయ్య భుజమంత గట్టి కోట ఒకటుండేదర్రా. ఇప్పటి భుజం కాదు. నన్ను కాపురానికి తెచ్చేప్పుడు బండి వాగులో దిగబడితే, ఎడ్లతోపాటు కాడి కింద పెట్టి లాగిన భుజం. ఆ రోజులే వేరు.

ఆ కోటలో మంగతాయని ఒక కోడలు. మావగారు తుమ్మకర్రతో చేసిన బండంటే దానికి ప్రాణం. ఆ బండిలోనే కదా అత్తారింటికొచ్చింది! ఆ కోటలో ఒక ఆచారముంది. డప్పు మోగిందంటే దొంగ పడ్డట్టు. అది ఆగేదాకా కోటకి కాపలా కాసే తలారులు బురుజు మీద మంట ఆరనివ్వకూడదు. ఊ కొడుతున్నారా?

ఒకనాడు దొంగ రానే వచ్చాడు. ధాన్యం పాతరలో దూరి, అందరూ మంట గోలలో పడి తనని వెతక్కుండా తనే డప్పు కొట్టడం మొదలెట్టాడు. తలారులు మంట వేశారు. చితుకులయ్యాక పిడకలు, పిడకలయ్యాక నాగళ్ళు, నాగళ్ళయ్యాక కాడి, కాడయ్యాక మంగతాయి బండి. అది కాలుతుంటే పిచ్చిది కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రాజుగారు జాలిపడి బస్తాలకి బస్తాలు బియ్యం పంపాడు. బియ్యం పోస్తే బండి తిరిగొస్తుందా? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం?

చివరికి ఒక తలారి గొడ్డలి పట్టుకుని ఇంటి దూలానికే వచ్చాడు. కింద మంచంలో మావగారు. మంగతాయి అడ్డం నిలబడింది.

"అన్నా, దొంగ నా దూలంలో ఉన్నాడా?"

గొడ్డలి ఆగిపోయింది. మంట మానేసి, ముందు ఆ చప్పుడెక్కడిదో చూడమంది. చెవులు రిక్కించుకుని పోతే పాతరలో దొరికాడు దొంగ. డప్పు ఆగింది, మంట ఆరింది, దూలం నిలిచింది. అందరూ సుఖంగా ఉన్నారు. బండంటావా? మళ్ళీ చేసుకున్నారులే, మెల్లిగా, చక్రానికి ఒక్కో ఆకూ బిగించుకుంటూ.

తాతయ్య ఒంట్లో ముదిరిన క్యాన్సరూ అలాంటి దొంగేనని డాక్టరమ్మ చెప్పింది. రోగాన్ని తరమాల్సిన ఒంటి కాపలాదార్లే ఆ గోలలో కండ కరిగిస్తారట. నాకు తెలీక, తినకపోతే కండెలా పడుతుందని ఆయన్ని రోజూ సాధించాను. పెరుగన్నం ముందు పెట్టుకుని ఆ మనిషి తలొంచుకు కూర్చునేవాడు. తప్పు నాదర్రా.

మన ఇంట్లో డప్పు ఇంకా ఆగలేదు. దాని సంగతి డాక్టరమ్మ చూస్తోంది. దూలం మనం పట్టుకోవాలి. రేపు ఆయన వాకిట్లోకి వెళ్ళడానికి లేచినప్పుడు ఆ భుజం కింద మీ భుజాలు పెట్టండి. మిమ్మల్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పిన భుజమది.

కథ కంచి దారి పట్టింది. పదండి, మనం తాతయ్య పక్కలోకి.