ఆదెమ్మ దాచిన చేదతాళ్ళు

గోదారి ఇంకా ఇప్పుడున్న దారి పట్టకముందు మాట. ఒక లంకలో ఆదెమ్మ అని ఒక ముసలిది ఉండేది. గోగునార తాళ్ళు పేనేది, గంజి తాగేది, పడుకునేది. అంతే, ఇంకేం లేదు పాపం!

ఓ ఏడు వరదొచ్చింది. ఊరు ఊరంతా మెరక మీదికి పరుగు. ఒకరు ధాన్యం మోశారు, ఒకరు మేకను మోశారు. ఆదెమ్మ ఏం మోసిందనుకున్నారు? ఊళ్ళో మూడు నూతులుంటే, మూడింటి చేదతాళ్ళూ విప్పి నెత్తిన పెట్టుకుంది!

పెద్దకాపు భార్య మంగాయమ్మ ముక్కున వేలేసుకుంది. "ఏమే ఆదెమ్మా, ఆ తాళ్ళెందుకే?"

"పనుందమ్మగారూ."

మూడు రోజులు మెరక మీదే ఉన్నారు. ఆదెమ్మ ఉతికిన కోక నాలుగు కొసలూ గుంజలకు కట్టి, కింద కుండ పెట్టి వాన నీళ్ళు పట్టింది. కాచి తలా ఇన్ని పోసింది. మంగాయమ్మ మనసు మాత్రం ఆ తాళ్ళ మీదే ఉంది. "తాళ్ళెందుకే?" అని మళ్ళీ అడిగింది.

"పనుందమ్మగారూ."

నాలుగో రోజు వరద తీసింది. వానా ఆగింది, కుండా ఖాళీ. ఊళ్ళోకొచ్చి చూస్తే నూతుల్లో బురద అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. మంగాయమ్మ కూతురు బుల్లెమ్మ "అమ్మా, దాహం" అని గుక్కపట్టింది. ఆదెమ్మేమో తాళ్ళ మీదెక్కి కూర్చుంది. లేవదు!

"నీ దుంపతెగ! పిల్ల గొంతెండిపోతోంది. ఆ తాళ్ళెందుకే నీకు?" మంగాయమ్మ అడగడం ఇది మూడోసారి. మగాళ్ళు పైపంచలు ముడేసి చేదకు కట్టబోయారు.

అప్పుడు ఆదెమ్మ బావురుమంది. "నాకు ముగ్గురు పిల్లలమ్మా. వెనకటి వరదలో ముగ్గుర్నీ ఒడ్డుకు చేర్చుకున్నాను. వరద తీశాక, ఇలాగే తేటగా ఉన్నాయని, నూతి నీళ్ళు నా చేత్తోనే తాగించాను. వాంతులూ విరోచనాలూ. మూడు రోజుల్లో ముగ్గురూ పోయారు."

మంగాయమ్మ బుల్లెమ్మను చంకనేసుకుని, "ఏం చెయ్యాలో చెప్పత్తా" అంది. ఆవిడ ఆదెమ్మను అత్తా అనడం అదే మొదలు.

ఆదెమ్మ లేచి తాడిచ్చి, ఉన్న నీళ్ళన్నీ తోడి పారబొయ్యమంది. ఊరంతా ఓ చెయ్యేసి నుయ్యి మూడుసార్లు తోడారు. మూడోసారి ఊరిన నీళ్ళు కాచి, చల్లార్చి, బుల్లెమ్మకు పట్టారు. ఆ ఏడు వరద తర్వాత ఆ లంకలో పాడె లేవలేదు.

ఆదెమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ అక్కడ గోదారి పొంగిందంటే ముందుగా మెరకెక్కేవి పిల్లలూ, చేదతాళ్ళూ. వరద తీశాక నుయ్యి మూడుసార్లు తోడి, నీళ్ళు కాచి, మొదటి చెంబు చేత పట్టుకుని ఇల్లాలు గట్టిగా అడుగుతుంది.

"పిల్లలకు పట్టమంటావా, ఆదెమ్మత్తా?"

కాసేపు ఆగుతుంది. ఆ తర్వాతే పడుతుంది.