గుల్లపాడు బొమ్మిడాయిల లెక్క

"మా ఇంటి తెలివి చూసి చుట్టుపక్కల ఊళ్ళు కుళ్ళి చస్తున్నాయి" అని గుల్లపాడు గంగులు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాడు. ఆరోజు కూడా చెప్పాడు, చొక్కా తిరగేసి తొడుక్కుని.

వింటున్నది చేపల ఆఫీసరమ్మ. "అయితే మంచిదే. మీ ఏట్లో బొమ్మిడాయిలు తగ్గిపోయాయంటున్నారు. పది రోజుల్లో లెక్క తేల్చండి. మూడొందలుంటే సరే. ఒక్కటి తగ్గినా మూడేళ్ళు వల ముట్టుకోకూడదు. ఒకే చేపని రెండుసార్లు లెక్కపెట్టారో, ఊరుకోను" అని వెళ్ళిపోయింది.

ఇంకేముంది! గంగులు, తమ్ముడు ఎర్రయ్య, పెళ్ళాం పైడమ్మ ఏట్లోకి దిగారు. పట్టిన ప్రతి చేప తోకకీ ఎర్రదారం కట్టి వదిలారు. మర్నాడు దారం లేని చేప పడింది.

"కొత్తదన్నా, రాసుకో" అన్నాడు ఎర్రయ్య.

"నీ మొహం! దారం విప్పేసుకుని వచ్చిందేమోరా?" గంగులు చేపని ఎదురుగా పట్టుకుని, "నిజం చెప్పు, నిన్న నిన్ను లెక్కపెట్టామా?" అని గద్దించాడు.

అది నోరు తెరిచి మూసింది.

"చూశావా, చెప్పబోయి మింగేసింది. గడుసుది!"

అంతే, లెక్క మొదటికొచ్చింది. ఈసారి లెక్కపెట్టినవాటిని ఒడ్డున గంగాళంలో వేశారు. బొమ్మిడాయి జారుడు సరుకాయె. వీళ్ళు అన్నం తినొచ్చేసరికి సగం జారుకుని ఏట్లో కలిశాయి.

గంగులుకి ఏడుపొచ్చింది. వల పోతే కూడు పోయినట్టే.

"ఏడుస్తావేంటయ్యా?" అని పైడమ్మ విసుక్కుంది. "కడుపులో పడ్డ చేప మళ్ళీ వల్లో పడుద్దా?"

అంతే! లెక్కపెట్టడం, పులుసు పెట్టడం. ఇంట్లోవాళ్ళు తినలేకపోతే ఇంటింటికీ గిన్నెలు పంపారు. ఊరంతా వేళ్ళు నాక్కుంటూ సర్వే చేసింది. పదోరోజుకి ఏట్లో తోక కదిలితే ఒట్టు.

ఆఫీసరమ్మ వచ్చి వల వేయించింది. నాచు వచ్చింది.

"చేపలేవయ్యా?"

"మాలో ఉన్నాయండమ్మా" అని గంగులు పొట్ట తట్టి చూపించాడు.

"మీలో ఉంటే నాకెందుకు? ఏట్లో ఉండాలి!"

"ఓస్, అదెంత పని!"

గంగులు ఊరినంతా కేకేశాడు. ముసలీ ముతకా, చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులూ, అందరూ వచ్చి ఏట్లో నిలబడ్డారు.

"ఇప్పుడు ఏట్లోనే ఉన్నాయి కదమ్మా. రాసుకోండి, రెండొందల తొంభై తొమ్మిది!"

ఒకటి తగ్గింది. ఊరంతా గంగులు వంక చూసింది. పైడమ్మ మరీ గుచ్చి చూసింది. గంగులు తల దించుకున్నాడు.

"మరేం లేదండమ్మా... మొదటిరోజు మీరటు వెళ్ళగానే, ఇంట్లోవాళ్ళకి తెలీకుండా ఒకటి కాల్చుకుని తినేశాను. లెక్కలో రాయలేదు" అని, పొట్ట బాగా మునిగేదాకా ఇంకో అడుగు లోపలికి వేశాడు. "అదీ ఇక్కడే ఉంది. మూడొందలు!"