నెమరు వేయరాని హోటల్

కొండకూ చేలకూ మధ్యనున్న చిట్టడవిలో జంబులింగం హోటల్ పెట్టాడన్న కబురు వినగానే కాటుకమ్మ పకపకా నవ్వింది. జంబులింగం నక్క, కాటుకమ్మ గేదె. ఆ నక్క ఇంతవరకూ ఎవరికీ గుక్కెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. అలాంటివాడు ఆకు వేసి వడ్డిస్తున్నాడంటే నవ్వు రాక ఏమొస్తుంది?

అయితే ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఆ హోటల్‌కి కలాపరావు వస్తున్నాడని తెలిసింది. కలాపరావు అంటే అల్లాటప్పా నెమలి కాదు. తొలకరికి అతను పురి విప్పితే చూడటానికి కొండ అవతలి నుంచి కూడా పిల్లాపాపలతో తరలివస్తారు. అతని ఈక రాలి దొరికితే ఇంట్లో దాచుకుంటారు. అంతటివాడు రోజూ మధ్యాహ్నం జంబులింగం దగ్గరే భోంచేస్తున్నాడట. చిరుతపులి గారు కూడా వస్తున్నారట, కాకపోతే వెనక గదిలో, నలుగురి కంటా పడకుండా. ఇక అడవిలో పరువున్నవాళ్లంతా అక్కడ ఒక్కసారైనా తినకపోతే తలెత్తుకు తిరగలేమన్నట్టు తయారయ్యారు.

ఈ కబుర్లు మోసుకొచ్చేది పక్కింటి మేక చెంగమ్మ. ఆవిడ అప్పటికే రోజూ వెళ్లొస్తోంది. "నువ్వింకా వెళ్లలేదా వదినా?" అని అడగడం, లేదని చెబితే జాలిగా ఒక చూపు చూసి గడ్డం ఊపుకుంటూ వెళ్లిపోవడం. ఆ చూపే కాటుకమ్మను నిద్రపోనిచ్చేది కాదు.

వెళ్లాలంటే చెంబెడు పాలు పట్టుకెళ్లాలి, అదీ అక్కడి లెక్క. ఇంట్లో చూస్తే పాలు మరవని దూడ ఉంది. పైగా కాటుకమ్మ దుబారా మనిషి కాదు. ఆమెకున్న ఆస్తల్లా ఇంటిముందు గడ్డివామి ఒక్కటే. ఎండలు ముదిరి పచ్చిక మాడిపోయాక తన పొదుగు ఎండిపోకుండా, దూడ కడుపు మాడకుండా కాచేది అదే. వాళ్లమ్మ నేర్పిన పద్ధతిలో వేసుకుంది దాన్ని. వరిగడ్డి ఒక పొర, ఎండిన పిల్లిపెసర మేత ఒక పొర, పొరకీ పొరకీ మధ్య కాస్త ఉప్పు. అలా ఉప్పు జల్లే అలవాటు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు.

చివరికి ఒకరోజు కొమ్ములకు నూనె రాసుకుని, దూడ వాటా పాలు చెంబులో పోసుకుని బయల్దేరింది. దూడ ఆశగా వెంటపడితే, వచ్చాక నీకు కలాపరావు గారి సంగతులు చెబుతానని నచ్చజెప్పింది. ఆ మాటలకి దూడ కడుపు ఏం నిండుతుందో ఆమెకే తెలియాలి.

హోటల్ ముందు బారులు తీరి ఉన్నారు. లోపలికి అడుగుపెట్టగానే కాటుకమ్మ బిత్తరపోయింది. బల్లల్లేవు, చాపల్లేవు, కాళ్లు ముడుచుకునే చోటే లేదు. దుప్పులూ మేకలూ ఆవులూ అందరూ నిలబడే తింటున్నారు. ఎదురుగా పెద్ద బోర్డు మీద 'ఇక్కడ నెమరు వేయరాదు' అని రాసి ఉంది.

చెవిలో పువ్వు పెట్టుకున్న జంబులింగం ఎదురొచ్చి చెంబు అందుకున్నాడు. కూర్చోడానికి ఎక్కడండీ అని ఆమె అడిగితే, అతను గొంతు తగ్గించి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"కూర్చుని తినడం పల్లెటూరి పద్ధతి మేడం. ఇక్కడ పెద్దవాళ్లంతా నిలబడే తింటారు."

"మరి ఆ బోర్డేమిటి?"

"మింగింది మళ్లీ పైకి తెచ్చుకోవడం చూసేవాళ్లకు బాగుండదు కదా మేడం. కలాపరావు గారు బాగా సున్నితం."

నిజమే, మూలన ఎత్తయిన రాయి మీద కలాపరావు ఉన్నాడు. తోక కిందికి జారవిడిచి, మెడ అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆయన మెడ తిప్పినప్పుడల్లా తినేవాళ్లంతా నమలడం ఆపి చూస్తున్నారు. కాటుకమ్మా చూసింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నమలడం, మింగడం తప్ప ఇంకో ధ్యాస లేని ఆమె, తనను కూడా ఆయన ఒక్కసారి చూస్తే బాగుండునని అనుకుంది.

ఇంతలో వెడల్పాటి టేకాకు వచ్చింది. దాని నడుమ చిటికెడు గడ్డిపోచలు, పైన ఒక తేనెచుక్క, పక్కన కానుగ పువ్వు. వీటిని సువర్ణ తంతువులు అంటారని జంబులింగం చెప్పాడు. కాటుకమ్మ నాలుక ఒక్కసారి చాచింది, ఆకు ఖాళీ. మిగతాది ఎప్పుడు తెస్తారని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెకేసి చూసిన చూపుకి ప్రాణం చచ్చిపోయింది. అంతే మేడం, అని జంబులింగం చిరునవ్వు నవ్వి, వెనకవాళ్లు వేచి ఉన్నారంటూ గుమ్మం చూపించాడు.

చెంబెడు పాలకి చిటికెడు గడ్డి. దారంతా అదే లెక్క వేసుకుంటూ నడిచింది. అయినా అంతమంది గొప్పవాళ్లు తినే తిండి, మహత్తు లేకుండా ఉంటుందా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇల్లు చేరాక ఆకలి దహించేస్తున్నా ఒక్క పరక ముట్టుకోలేదు. అంత ఖరీదైన భోజనం మీద ఇంటి గడ్డి తిని రుచి పాడుచేసుకోవడం ఇష్టం లేక, తిన్నగా బురదమడుగులోకి దిగి, కళ్లు మూసుకుని, తీరిగ్గా నెమరు మొదలెట్టింది.

తేనె ఎప్పుడో పోయింది. ముందు వరిగడ్డి తగిలింది. సరే అనుకుంది. ఆ వెనకే పిల్లిపెసర తగిలింది. ఇదేదో తెలిసిన రుచిలా ఉందే అనుకుంది. ఆ తర్వాత నాలుక మీద ఉప్పగా తగిలేసరికి దవడ ఆడటం ఆగిపోయింది.

బురద చిమ్ముకుంటూ ఇంటికి పరుగెత్తింది. ముందునుంచి చూస్తే వామి ఎప్పటిలాగే నిండుగా ఉంది. వెనక్కి వెళ్లి చూసి అక్కడే కూలబడిపోయింది. వెనకంతా డొల్ల. దూడ దూరి హాయిగా పడుకునేంత గుహ. తనూ దూడా మేతకు వెళ్లిన వేళ చూసి తోడుకుపోయినట్టున్నారు, అంచుల్లో నక్క బొచ్చు చిక్కుకుని ఉంది. వేసవి ఇంకా మొదలవలేదు, వేసవి తిండి సగం అయిపోయింది. దూడ వచ్చి ఆ గుహలోకి తొంగిచూసి, ఇది ఆడుకోడానికా అమ్మా అని అడిగితే కాటుకమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. తన గడ్డే తనకు పెట్టి, దూడ పాలు పట్టుకున్నాడు. అదీ తను చేతులారా పోసి వచ్చింది.

కళ్లు తుడుచుకుని చెంగమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. చెంగమ్మ ఒక్క ముక్క నమ్మలేదు. అలాంటి రుచులు నీకు అలవాటు లేవు వదినా, అందుకే అన్నీ గడ్డిలానే అనిపిస్తున్నాయి అంది. మాట్లాడుతూనే పందిరి మీది చిక్కుడాకు లాక్కుని నములుతోంది. హోటల్ నుంచి వచ్చేసరికి ఏమిటో నకనకలాడే ఆకలి అట. పందిరికి ఈమధ్య పురుగు పట్టిందో ఏమో, ఆకు పలచబడిపోయిందని కూడా వాపోయింది.

కాటుకమ్మ ఆ పందిరికేసీ, ఆడుతున్న ఆ దవడకేసీ మార్చి మార్చి చూసింది. చిటికెడు తిండితో మాడిపోతూ ఇంటికొచ్చి, అందరూ దొరికింది దొరికినట్టు మింగేస్తున్నారు. ఇక కడుపులో ఏది ఎవరు పెట్టిందో తేలేదెలా? కూర్చోనివ్వకపోవడం ఎందుకో, ఆ బోర్డు ఎందుకో అప్పుడు తెలిసింది. నలుగురికీ చెప్పి లాభం లేదు. ఎవరి నోటితో వాళ్లే తెలుసుకోవాలి.

మర్నాడు మళ్లీ దూడ నోటి దగ్గరి పాలు చెంబులో పోసింది. హోటల్లో తన ఆకు ఖాళీ చేసి, తిన్నగా కలాపరావు రాతి దగ్గరికి నడిచింది. అందరూ నివ్వెరపోయారు.

"అయ్యా, మా దూడ మీ ఆట సంగతి వినాలని బెంగ పెట్టుకుంది. ఇంత దూరం వచ్చి, చూడకుండా వెళ్లి దాని మొహం ఎలా చూడను?"

జంబులింగం పరుగున వచ్చి, మేడం, అవతల జనం ఉన్నారు అన్నాడు. కానీ అప్పటికే కలాపరావు మెడ నిక్కింది. పొగిడితే ఆగే ప్రాణం కాదది. రాయి దిగి పురి విప్పాడు. ఇక ఆపడం ఎవరి తరం?

ఆట సాగింది, సాగుతూనే ఉంది. చూసేవాళ్ల కాళ్లు పీకడం మొదలైంది. అందరికంటే ముందు కాటుకమ్మ ఉస్సురంటూ కూలబడింది. ఆమెను చూసి ఆవు, ఆవును చూసి దుప్పి, బట్టలు నలుగుతాయేమో అన్నట్టు అటూ ఇటూ చూసుకుని చివరికి చెంగమ్మా నేలమీద చేరారు. కాళ్లు ముడిచి, కంటికింపైన ఆట చూస్తూ కూర్చున్నాక నెమరుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది దానంతటదే పైకి వస్తుంది. జంబులింగం బోర్డు చూపిస్తూ తిరుగుతున్నాడు. దవడలు ఆడుతూనే ఉన్నాయి.

ముందు చెంగమ్మ దవడ ఆగింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఇది మా పందిరి చిక్కుడాకు. పొద్దుట్నుంచి నేను పందిరి ముట్టనే లేదు."

"నాకు మా వాగొడ్డు గరిక తగులుతోంది" అంది దుప్పి. పిల్లల కోసం దాచుకున్న గరిక అది.

ఒక్కొక్కరే నమలడం ఆపేశారు. కలాపరావు కూడా ఆట ఆపాడు. జంబులింగం మాత్రం చలించలేదు. అడవిలో ఒకే రకం ఆకు పదిచోట్ల మొలుస్తుందని, ఒకే గడ్డి పది చేలల్లో పండుతుందని నవ్వుతూ చెప్పాడు.

"ఉప్పు కూడా చేలల్లోనే పండుతుందా జంబులింగం గారూ?" అంది కాటుకమ్మ.

ఆ నవ్వు అక్కడితో పోయింది. కాటుకమ్మ లేచి, చిరుతపులి గారు భోంచేసే వెనక గది తలుపును కొమ్ముతో ఒక్క తోపు తోసింది. చెంగమ్మ భయంతో కళ్లు మూసుకుంది. లోపల చిరుతా లేదు, దాని నీడా లేదు. చిక్కుడాకు, గరిక, మోకాలెత్తు వరిగడ్డి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పెరటి దారిన జంబులింగం బావమరుదులిద్దరూ తలల మీద మోపులతో లోపలికొచ్చి, ఇంతమందిని చూసి మోపులు దించడం కూడా మరిచిపోయి నిలబడ్డారు. హోటల్‌కి పోయినవాళ్ల ఇళ్లు హోటల్ తెరిచి ఉన్నంతసేపూ ఖాళీయే కదా.

ముందు తేరుకున్నది కలాపరావు. చిరుతపులి గారు వస్తారంటేనే నేనూ వస్తున్నాను అని గొణిగి, తోక ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజంతా జంబులింగం, అతని బావమరుదులు ఎవరి మేత వాళ్ల ఇంటికి మోశారు. చిక్కుడాకూ గరికా తొందరగానే అయిపోయాయి. కాటుకమ్మ వామి మాత్రం ఒక పట్టాన నిండలేదు. వరిగడ్డి పొర, పిల్లిపెసర పొర, మధ్యలో ఉప్పు. పొర వంకర పోతే విప్పి మళ్లీ వేయించింది. పక్కన దూడ పొదుగులో మూతి పెట్టి కడుపారా తాగుతోంది.

ఎండ నెత్తి మాడ్చేస్తోంది. జంబులింగం చెవిలో పువ్వు ఎప్పుడో రాలిపోయింది. తలమీది మోపుతోనే కాటుకమ్మ ముందుకొచ్చి, ఒక్క క్షణం కూర్చుంటానమ్మా అని బతిమాలాడు.

కాటుకమ్మ నెమరు ఆపకుండానే అతన్ని ఎగాదిగా చూసింది.

"కూర్చోవడం పల్లెటూరి పద్ధతి కదండీ. నిలబడే మొయ్యండి."

నీతి: ఎవరు తింటున్నారో చూసి తినేవాళ్లకు, తామేం తింటున్నామో తెలియదు.