కొత్తకాయ తప్పు

అనగనగా కొండవార ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ అప్పటికే వీధిలో నిలబడి కేకలేస్తోంది.

"నా వేవిళ్ళప్పుడు ఒక్క ముక్క అడిగితే కుదరదన్నారు. ఇప్పుడు దీనికెలా కుదిరింది?"

ఊ కొట్టు, లేకపోతే ఆపేస్తాను. ఆ ఊరి కట్టడి ఏమిటంటే, కొత్త మామిడికాయ ముందు అమ్మోరికి పెట్టాలి. కొత్తల పండగ అయ్యేదాకా ఎవరూ కొరకకూడదు. కొరికితే అమ్మోరికి తప్పు కట్టాలి, అంటే జరిమానా.

దాలమ్మ ఎన్నడూ కొరకలేదు. ముప్ఫై ఏళ్ళ కిందట కడుపుతో ఉండి కూడా, చెట్టుకేసి చూసి, ఉమ్మి మింగుకుని లోపలికెళ్ళిపోయింది. ఇప్పుడేమో పక్కింటి కోడలు చిలకమ్మ, వేవిళ్ళ మనిషి, పండగకి నాలుగు రోజుల ముందే కాయ కోసి ఉప్పద్దుకుని తినేసింది. పూజారి సోములు అమ్మోరి తల మీద పువ్వు పెట్టి అడిగాడు. పువ్వు కుడివైపు పడింది. "తల్లి వదిలేసింది. తప్పు కట్టక్కర్లేదు" అన్నాడు.

అప్పుడు దాలమ్మ ఊరిపెద్ద దగ్గరికెళ్ళింది. "పువ్వు పడ్డాక నేనెవర్నే?" అన్నాడాయన.

ఆ తర్వాత సోములు దగ్గరికెళ్ళింది. "మళ్ళీ పెట్టు" అంది. పెట్టాడు. మళ్ళీ కుడికే పడింది.

ఆ తర్వాత అమ్మోరి ముందే చతికిలబడింది. "ముప్ఫై ఏళ్ళు నీ మాట కాశాను. నాకేం ఒరిగింది? దానికి మాత్రం ఒక్క పువ్వుతో సరా?" అమ్మోరు రాయి.

దాలమ్మ ఊరుకుందా? చిలకమ్మ గుమ్మంలోకెళ్ళి, "తప్పు కట్టకుండా తిన్న కాయ బిడ్డకి తగుల్తుంది, చూసుకో" అనేసి వచ్చింది.

పండగొచ్చింది. ఊరంతా కాయలు తిన్నారు. చిలకమ్మ కాయ కాదు కదా, గంజి కూడా ముట్టలేదు. ఒకరోజు, రెండ్రోజులు, మూడ్రోజులు.

"తల్లి వదిలేసిందే పిల్లా, తాగు" అని అత్త బతిమాలింది.

"తల్లి వదిలేసింది. దాలమ్మత్త వదల్లేదుగా."

గోడకివతల దాలమ్మకి ఆ మాట వినపడింది. చేతిలో కాయ ముక్కుంది. దాన్ని కింద పెట్టేసింది. అమ్మోరు వదిలినదాన్ని నేను పట్టుక్కూచున్నానా, అమ్మోరికన్నా పెద్దదాన్నా, అనుకుంది.

తెల్లారి చంకలో కోడిపెట్ట, ఇంకో చేత్తో చిలకమ్మ రెక్క పట్టుకుని సోములు ముందు నిలబడింది.

"తప్పు కడతాను."

"చిలకమ్మదా? అక్కర్లేదన్నానుగా!"

"నాది. ఈ పిల్ల మీద తల్లి దయ చూపిస్తే నాకు కడుపు మండింది."

సోములు బుర్ర గోక్కున్నాడు. "దానికి కట్టడి లేదు దాలమ్మా."

"కొత్తకాయకెంతో దీనికీ అంతే. కొత్తకాయలాగే శిక్షా అమ్మోరిదే, దాన్ని నేను ముట్టుకున్నాను."

చిలకమ్మ ఆ పూట రెండు గిన్నెలు గంజి తాగింది. దాలమ్మ కోపం పోయిందా అంటే, మొత్తం పోలేదు. తప్పు మాత్రం మొత్తం కట్టింది.

కథేమో కంచి దారి పట్టింది,
మనకేమో కునుకు పట్టింది,
దాలమ్మ ఎంత కట్టింది?
కోడిపెట్ట ఒకటి, రూపాయి పావలా.