దాలమ్మా, సాలునా?

అనగా అనగా ఒక ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు మొదట్లో ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డు మూలన ఒక కిరసనాయిలు పళ్ళెం. ఆ పళ్ళెం ముందు దాలమ్మ.

ఎప్పటి మాటంటే చెప్పలేను. కార్లు గుండ్రంగా, బరువుగా ఉండేవి. కొండెక్కాలంటే దారిలో రెండుసార్లు ఆగి నీళ్ళు తాగేవి. అప్పటి మాట.

దాలమ్మ పని బోల్టులు కడగడం. విప్పి పడేసినవాటిని కిరసనాయిల్లో వేసి, కొబ్బరిపీచుతో తోమి, గోనె మీద ఆరబెట్టేది. ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఒకడు "ఇదిగో" అనేవాడు. ఒకడు "ఇల్రా" అనేవాడు. మేస్త్రీ అయితే "ఒసే ముసిల్దానా" అనేవాడు. మూడింటికీ పలికేది.

కానీ ఒక బోల్టు చేతికిస్తే, అది ఎవరి చేతిలో ఎంత అవస్థ పడిందో ఆమె వేలికి తెలిసిపోయేది. మరలు అరిగాయా, సాగాయా, చిట్లాయా, తడిమి చెప్పేది. వినేవాళ్ళేరీ?

ఆ షెడ్డు మేస్త్రీ అప్పలసూరి. దుక్కలాంటి మనిషి. పానాతో బిగించడం ఆయనకు ఆనేది కాదు. పానాకి ఇనప గొట్టం తొడిగి, దాని మీద ఒళ్ళంతా వేసి బిగించేవాడు.

మొదట ఒక కారొచ్చింది. నూనె ఫిల్టరు మార్చాలి. చేత్తో తిప్పి, రబ్బరు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. అప్పలసూరి గొలుసు చుట్టి లాగాడు.

"ఆనింది బాబూ, సాలు," అంది దాలమ్మ.

"అప్పలసూరి బిగించింది ఊడతాదేటి?" అన్నాడు మేస్త్రీ.

ఊడలేదు. మళ్ళీ మార్చాల్సిన రోజున కూడా ఊడలేదు. దాని పొట్టలో స్క్రూడ్రైవరు దించి, రేకు చీల్చి, ముక్కలు ముక్కలుగా పీకాల్సొచ్చింది.

తర్వాత ఇంకో కారొచ్చింది. ఇంజను అడుగున పాత నూనె దించే బోల్టు ఉంటుంది చూశారూ, దాన్ని గొట్టం తొడిగి బిగించాడు.

"ఆనింది బాబూ, సాలు."

"అప్పలసూరి బిగించింది ఊడతాదేటి?"

అదీ ఊడలేదు. పానా జారి జారి దాని తల గుండ్రమైపోయింది. ఉలి పెట్టి సుత్తితో కొడుతూ ఒక పూటంతా దాని కిందే పడుకున్నాడు. లేచాక సిగ్గుపడ్డాడా అంటే, అబ్బే!

మూడోది గవరయ్య కారు. కొండ మీది ఊళ్ళ నుంచి కింద ఆసుపత్రికి మనుషుల్ని దించే కారు అదొక్కటే. ఒక పొద్దున నూనె మార్పించుకోవడానికి తెచ్చాడు.

అప్పలసూరి అడుగు బోల్టు పెట్టాడు. పానాకి గొట్టం తొడిగాడు.

"ఆనింది బాబూ, సాలు," అంది దాలమ్మ.

"అప్పలసూరి బిగించింది ఊడతాదేటి?" అని ఇంకో లాగు లాగాడు.

ఆ లాగులో చేతి కింద ఏదో మెత్తబడింది. బోల్టు ఊరికే తిరగసాగింది. లోపల మరలు తెగిపోయాయి. అది బిగించినవాడికి తెలియకుండా ఉండదు. అప్పలసూరి అటూ ఇటూ చూశాడు. బోల్టు బయటికి తీసి, చేతులు కడుక్కునే సబ్బు దాని చుట్టూ మెత్తి, మళ్ళీ కన్నంలో దోపాడు. పైన కొత్త నూనె పోశాడు.

"అయిపోనాది గవరయ్యా, పట్టుకెళ్ళు!"

బోల్టు తీసినప్పుడు కింది పళ్ళెంలో మర నుంచి తెగిన ఒక సన్నటి వెండిరంగు పోగు పడింది. దాలమ్మ దాన్ని ఏరి నోరు తెరిచింది.

"ఒసే ముసిల్దానా, నోర్ముయ్," అన్నాడు అప్పలసూరి.

మూసుకుంది. నాకు అక్కడే కోపమొస్తుంది. ఆ ఒక్కసారి మూసుకోకుండా ఉండాల్సింది. కానీ ఆ షెడ్డులో ఎదురు చెప్పి పని నిలబెట్టుకున్న ఆడది లేదు మరి.

మధ్యాహ్నానికి కొండ మీది బస్సు దిగింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచే అరిచాడు.

"మేస్త్రీ! కొండ మీద నీ కూతురు రవణమ్మకి నెప్పులొచ్చీసినాయి. బిడ్డ అడ్డం తిరిగిందంట. గవరయ్య తన కార్లో దించుతన్నాడు!"

"గవరయ్య ఉంటే ఇంకేటి భయం?" అని అప్పలసూరి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

దాలమ్మ అరచేయి చాపింది. అందులో ఆ వెండి పోగు ఉంది.

"సబ్బు ఎంతసేపుంటాది బాబూ? ఇంజను కాగితే కరిగిపోతాది."

బస్సు అప్పటికే మలుపు తిరిగి వెళ్ళిపోయింది. అప్పలసూరి నూనె డబ్బా ఎత్తుకుని పరుగెత్తాడు. వెనకాల దాలమ్మ.

మొదటి మలుపు దగ్గర రోడ్డు మీద నూనె చుక్క కనబడింది. కారు పొద్దున కొండెక్కేటప్పుడు కారినది. బారెడు దూరంలో ఇంకొకటి.

రెండో మలుపు దగ్గర చుక్కలు జానెడు దూరానికి వచ్చాయి.

మూడో మలుపు దగ్గర చుక్కలు లేవు. ఒకటే గీత.

"నా సేతుల్తో నానే నా కూతుర్ని..." అంటున్నాడు అప్పలసూరి. ఆ మాట పూర్తి చేయలేకపోతున్నాడు.

మలుపు దాటాక కారు కనబడింది. ముక్కు కిందికి పెట్టి, రాళ్ళు అడ్డం వేసి ఉంది. నూనె తగ్గిందని ఎర్ర దీపం వెలగగానే గవరయ్య ఇంజను ఆపేశాడు. ఇంజను లేకుండా ఆ ఘాట్ దిగడమంటే లోయలోకి దిగడమే. నూనె లేకుండా ఇంజను నడిపితే నాలుగు మలుపుల్లో పట్టేసి ఆగిపోతుంది. వెనక సీట్లోంచి రవణమ్మ కేక వినబడింది.

"అయ్యా!"

అప్పలసూరి కారు కిందికి దూరాడు. బోల్టు వేలాడుతోంది. చెయ్యి దానంతటదే పానా కోసం వెళ్ళింది. మధ్యలో ఆగింది. ఆయన వెనక్కి తిరిగాడు.

"దాలమ్మా, ఏటి సెయ్యాల?"

ఆమె పేరు ఆయనకు తెలుసని ఆమెకు అప్పుడే తెలిసింది.

"బోల్టు తియ్యి. గుడ్డపోగు సుట్టి పెడదాం."

"తీస్తే ఉన్న నూనె కూడా పోతాది. డబ్బాలో సగమే ఉంది."

"పోదు," అంది దాలమ్మ.

బోల్టు తీయగానే ఆ కన్నంలో తన బొటనవేలు పెట్టింది. కాగిన నూనె. అరచేతి మీదుగా మోచేతి దాకా కారింది. దాలమ్మ పళ్ళు బిగించింది, వేలు తియ్యలేదు. అప్పలసూరి ఆమె చీర అంచు చింపి, పోగులు లాగి బోల్టు చుట్టూ చుడుతున్నాడు. పైన రవణమ్మ ఒకసారి అరిచింది. రెండుసార్లు అరిచింది. మూడోసారి గొంతు లేవలేదు. ఆయన చేతిలోంచి పోగు జారిపోయింది.

"నెమ్మది బాబూ. నానున్నాను," అంది దాలమ్మ.

పోగు చుట్టడం అయింది. ఆమె వేలు తీసింది, ఆయన బోల్టు పెట్టాడు. వేళ్ళతోనే తిప్పాడు. ఇంకొంచెం, ఇంకొంచెం.

"ఆనింది బాబూ, సాలు."

అప్పలసూరి చెయ్యి ఆగింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. తీగతో బోల్టుని అడ్డకమ్మీకి కట్టి, డబ్బాలోని నూనె ఇంజనులో పోసి, రాళ్ళు తీశారు. దారి పొడుగునా ఒక్కో చుక్క పడుతూనే ఉంది గానీ, బోల్టు ఆసుపత్రి గుమ్మం దాకా నిలిచింది.

తల్లి బతికింది. బిడ్డా బతికింది. దాలమ్మ చెయ్యి మాత్రం మళ్ళీ పిడికిలి కాలేదు.

ఆ రోజు నుంచి అప్పలసూరి పానాకి గొట్టం తొడగలేదు. ఏ బోల్టు పెట్టినా, ఏ ఫిల్టరు తిప్పినా, కారు కింద నుంచే కేకేసేవాడు. "దాలమ్మా, సాలునా?" మూల నుంచి ఆమె చెప్పేది. "ఆనింది బాబూ, సాలు."

ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలంలో దాలమ్మ పోయింది. కర్మలయ్యాక షెడ్డు తెరిచారు. అప్పలసూరి కారు కింద దూరి, అలవాటుగా అడిగాడు. "దాలమ్మా, సాలునా?"

ఆయన జవాబు కోసం అలాగే ఆగాడు. ఆగి ఆగి, కారు కిందే పడుకుని, ముసలి కళ్ళతో వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత చూసుకుంటే పానా మీద చెయ్యి ఎప్పుడో వదులైపోయి ఉంది. బోల్టు సరిగ్గా ఆనినచోటే ఉంది.

మీరెప్పుడైనా ఆ ఘాట్ దారిన వెళ్తే, కింద ఏ షెడ్డులోనైనా కాసేపు నిలబడండి. అడుగు బోల్టు బిగిస్తున్న మనిషి ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "దాలమ్మా, సాలునా?" అని అడుగుతాడు. జవాబు రాదని వాడికీ తెలుసు. అయినా ఒక్క ఊపిరి సేపు ఆగుతాడు. అప్పుడు పానా కింద పెడతాడు.