మావయ్య కారు, ముగ్గురి బుర్ర

తాటివలసలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే ముగ్గురన్నదమ్ములు ఒకేసారి చెయ్యెత్తేవాళ్ళు. పెద్దవాడు తవిటయ్య, నడిపివాడు గవరయ్య, చిన్నవాడు పైడిరాజు. బస్టాండు వెనకాల ముగ్గురికీ కలిపి ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. బోర్డు మీద 'ఇచ్చట బుర్ర వాడి పని చేయబడును' అని రాయించుకున్నారు. మిగతా షాపులవాళ్ళెవరూ అలా రాయించుకోలేదు కాబట్టి వాళ్ళకి బుర్ర లేదని వీళ్ళ నమ్మకం.

టెంటు సామాన్లు అద్దెకిచ్చే సూర్నాయుడి కూతురు గౌరీశ్వరి అంటే పైడిరాజుకి ప్రాణం. ఆ పిల్లకీ వీడంటే ఇష్టమే. ఎందుకిష్టమని అడిగితే మాత్రం నవ్వేసి ఊరుకునేది. తేల్చనివాడు సూర్నాయుడొక్కడే. ఆయనకి ఒక కారుంది. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కితే సీటు పెనంలా కాలేది. ఇంట్లో కూర్చుని మీట నొక్కితే చాలు, కారు దానంతటదే స్టార్టయి, మనం ఎక్కేలోపు ఏసీ తిరిగి చల్లబడుతుందని ఎవరో చెబితే, విశాఖపట్నం నుంచి ఆ రిమోటు సామాను తెప్పించాడు.

"దీన్ని బండికి బిగించు. సాయంత్రం నాను ఈ అరుగు మీద కూకుని మీట నొక్కుతాను. బండి స్టార్టయినాదా, పిల్ల నీది. అవలేదా, మరి పెళ్ళి మాటెత్తకు," అన్నాడు పైడిరాజుతో, వీధి వీధంతా వింటూండగా.

ఇంకేముంది, అన్నదమ్ములు పొద్దున్నే కారు మీద పడ్డారు. ఎర్ర తీగకి ఎర్ర తీగ, పసుపు తీగకి పసుపు తీగ కలిపి మీట నొక్కారు. కారు ఉలకలేదు, పలకలేదు. పైడిరాజు గబగబా సామాను అమ్మినాయనకి ఫోను చేశాడు.

"దగ్గరే నిలబడి నొక్కుతున్నారా? దాని గొప్పంతా దూరం నుంచి పని చెయ్యడంలోనే ఉంది కదండీ," అన్నాడాయన మాటవరసకి.

అంతే! గవరయ్య రిమోటు పట్టుకుని ఆటో ఎక్కేశాడు. రైలుగేటు దాటాడు, చెరకు తోటలు దాటాడు. ఇక తాటివలస కనబడదని రూఢి చేసుకున్నాక దిగి, బలంగా మీట నొక్కి, అదే ఆటోలో తిరిగొచ్చాడు.

"స్టార్టయినాదేటన్నయ్యా?" అని అడిగాడు రొప్పుతూ.

"ఏటోరా. నువ్వు కనబడతావేమోనని నువ్వెళ్ళిన దిక్కే సూస్తన్నాం. బండికేసి ఎవుడు సూసినాడు?" అన్నాడు తవిటయ్య.

"మరి నాను కనబడినానా?"

"లేదు."

"అయితే దూరం సరిపోనాది. ఇంకేటో తేడా ఉన్నాది," అన్నాడు గవరయ్య గంభీరంగా. పైడిరాజు మళ్ళీ ఫోను తీశాడు.

ఈసారి ఆయన ఓపిగ్గా చెప్పాడు. "దొంగలెత్తుకుపోకుండా ఆ బండిలో ఒక కాపలా ఉంటుంది బాబూ. తన తాళంచెవి దగ్గరలో ఉంటేనే ఇంజను తిరగనిస్తుంది. అందుకని రెండో తాళంచెవిని సామానుతో వచ్చిన నల్ల డబ్బాలో పెట్టి, స్టీరింగు కింద లోపలికి దాచెయ్యండి. అది అక్కడుందని బండికి తప్ప ఎవరికీ తెలియకూడదు."

"రెండోది లోపలుండి మొదటిది బయట తిరిగితే బండి ఏటనుకుంటాది? చిన్నకోడలికి గది ఇచ్చి పెద్దకోడల్ని వాకిట్లో పడుకోబెట్టినట్టు లేదూ?" అన్నాడు తవిటయ్య. న్యాయంగానే తోచింది. రెండు తాళంచెవులూ డబ్బాలోకి వెళ్ళాయి. ఎవరికీ తెలియకూడదు కదా, ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. గవరయ్య తడుముకుంటూ డబ్బాని లోపలెక్కడో దోపేశాడు.

"ఎక్కడెట్టినావు?"

"నాకేటి తెలుసు? కళ్ళు మూసుకునే ఎట్టినాను!"

"శభాష్," అని తవిటయ్య పైన మూతేసి మరలన్నీ బిగించేశాడు. రేపెవరైనా ఆ మరలు విప్పితే గుట్టు బయటపడుతుందని స్క్రూడ్రైవర్‌ని తీసుకెళ్ళి కాలవలో పారేశాడు. ముందుచూపంటే అలా ఉండాలి మరి.

పైడిరాజు దేవుడికి దండం పెట్టుకుని మీట నొక్కాడు. కారు గుర్రుమంది! వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంజను ఎంత బాగా తిరుగుతోందో చూద్దామని తవిటయ్య బానెట్ ఎత్తాడు. ఠక్కున ఆగిపోయింది. దించి నొక్కితే స్టార్టయింది. ఎత్తితే ఆగింది. బానెట్ ఎత్తినప్పుడు ఎవరి చెయ్యీ నలగకుండా అది అలా ఆగిపోతుంది. ఆ సంగతి తెలిస్తే వీళ్ళు వీళ్ళెందుకవుతారు?

"సిగ్గుపడతన్నాదిరా. ఎవులైనా సూస్తే ఆగిపోతన్నాది," అన్నాడు గవరయ్య.

అంతే! వీధిలో ఉన్నవాళ్ళందర్నీ అటు తిరిగి నిలబడమన్నారు. దారిన పోతున్న పాలాయన్ని సైకిలుతో సహా గోడవైపు తిప్పారు. తామూ కళ్ళు మూసుకుని బానెట్ ఎత్తారు. కారు మళ్ళీ ఆగింది.

"ఎవుడో సూసినాడు," అన్నాడు తవిటయ్య కోపంగా.

"నానే అన్నయ్యా. వేళ్ళ సందులోంచి కొంచెం సూసినాను," అని పైడిరాజు లెంపలేసుకున్నాడు. "నా పెళ్ళయ్యేదాకా ఎవులూ దాని మొహమెత్తకండి, మీకు దండమెడతాను," అని బానెట్ దించేసి దుప్పటి కప్పాడు.

సాయంత్రమైంది. సూర్నాయుడు అరుగు మీద కూర్చున్నాడు. గడప దగ్గర గౌరీశ్వరి నిలబడింది. వీధి జనమంతా పోగయ్యారు. సూర్నాయుడు మీట నొక్కాడు. కారు గుర్రుమని అందుకుంది!

"పిల్ల నీదిరా అల్లుడూ!" అని సూర్నాయుడు తొడ చరిచాడు. "పదండి, ఇప్పుడే పక్కూరి పంతులుగారి దగ్గరికెళ్ళి ముహూర్తం ఎట్టించేద్దాం." చల్లటి కారులో దర్జాగా కూర్చుని బ్రేకు మీద కాలేశాడు. ఆగిపోయింది. తాళంచెవి పెట్టి తిప్పకుండా బ్రేకు తొక్కితే దొంగవాడనుకుని ఆగిపోవడం దాని ధర్మం.

"తాళంచెవి ఇలాగియ్యండి," అన్నాడు సూర్నాయుడు.

"అదెక్కడున్నాదో బండికే తెలుసు మావయ్యా," అన్నాడు గవరయ్య.

"రెండోది?"

"అదీ బండికే తెలుసు."

సూర్నాయుడి మొహం కందగడ్డయింది. చేతికందిన పెళ్ళి చెయ్యి జారిపోతోంది. పైడిరాజు తెగించి అనేశాడు. "మీరు స్టార్టవ్వాలన్నారు మావయ్యా. కదలాలని సెప్పలేదు."

సూర్నాయుడు కాసేపు ఆలోచించాడు. "నిజమే. నాను కదలాలనలేదు," అని ఒప్పుకున్నాడు. అల్లుడికి తగ్గ మామ!

"బండి కదలకపోతే మనం కదుపుదాం. మీరు వెనక సీట్లో చల్లగా పడుకోండి, మేం తోసుకుపోతాం," అన్నాడు తవిటయ్య. మళ్ళీ మీట నొక్కి ఏసీ పెట్టారు. సూర్నాయుడు కాళ్ళు చాపుకున్నాడు. గవరయ్య, పైడిరాజు వెనక నుంచి నెట్టడానికి సిద్ధమయ్యారు. వాళ్ళిద్దరి బరువూ కలిపి తవిటయ్య ఒక్కడే ఉంటాడు. ఆయన మాత్రం ముందుకెళ్ళి బంపరుకి భుజం ఆనించాడు.

"ముగ్గురం వెనకే ఉంటే బండి మన చెయ్యి దాటి పారిపోతాది. నాను ముందు నుంచి నెడతాను. ఊఁ, కానివ్వండి!"

ఇద్దరు ఇటు నుంచి, ఒకడు అటు నుంచి, కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి నెట్టారు. చెమటలు కారాయి, చొక్కాలు తడిశాయి. లోపల సూర్నాయుడు గురక పెట్టాడు. జనం నవ్వి నవ్వి ఇళ్ళకి పోయారు. వీధిలైట్లు వెలిగేదాకా నెట్టి నెట్టి, ఇక ఒంట్లో సత్తువ లేదనిపించాక ముగ్గురూ చతికిలబడ్డారు.

సూర్నాయుడు లేచి కళ్ళు నులుముకున్నాడు. "వొచ్చేసినామా?"

"ఇంత తోసినాక రాకుండా ఎలాగుంటాం మావయ్యా?" అన్నాడు గవరయ్య చుట్టూ చూస్తూ. "వింత సూసినారా? ఈ ఊళ్ళో గూడా అచ్చం మీ ఇల్లులాంటి ఇల్లున్నాది."

"అరుగు గూడా అలాగే ఉన్నాదిరా!" అని సూర్నాయుడు ముచ్చటపడ్డాడు.

అరుగు మీంచి ఒక పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చి పైడిరాజు ముందు నిలబడి, ముసిముసిగా నవ్వుతూ వాడి నుదుటి చెమట కొంగుతో తుడవబోయింది. పైడిరాజు ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కేసి, మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"తప్పమ్మా! నాకు తాటివలసలో సంబంధం కుదిరిపోనాది. ఆ పిల్ల గూడా అచ్చం నీలాగే ఉంటాది గానీ, నీకన్నా శానా బాగుంటాది."