కూత పైడయ్య వంతెన

వినేవాళ్ళు ఊఁ కొట్టండి, విననివాళ్ళు పక్కవాణ్ణి గిల్లకుండా కూర్చోండి. అనగనగా, మీ తాత మూతి మీద మీసం మొలవకముందు, జీలుగువలసలో పైడయ్య అని ఒకడుండేవాడు. ఊరి గేదెలు కాసేవాడు. గేదెలు కాయడంలో గొప్పేముంది, నేనూ కాస్తాను. అతని గొప్పంతా చెడుగుడులో ఉంది.

పైడయ్య కూతకెళ్తే ఆ కూత తెగేది కాదు. "చెడుగుడు గుడుగుడు గుడుగుడు" అంటూ గీత దాటేవాడు. దొరికినవాణ్ణల్లా ముట్టేవాడు. నలుగురు మీద పడితే నలుగుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టేవాడు. ఉత్తప్పుడు మాట్లాడమంటే మాత్రం పాపం, నాలుక మడతపడేది. పెళ్ళిచూపుల్లో పేరడిగితే "గుడుగుడు పైడయ్య గుడుగుడు" అన్నాడట. సన్నెమ్మ పడీ పడీ నవ్వి, ఇతన్నే చేసుకుంటానంది.

ఆ ఊరికి ఒకటే కష్టం. ఊరి ముందు గెడ్డ, అదే, పెద్ద వాగు. వానొచ్చి గెడ్డ పొంగిందా, అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే.

ఒక ఏడు ఊరికి ప్రెసిడెంటుని ఎన్నుకోమని ఆఫీసరొచ్చాడు. కామునాయుడు, సోమునాయుడు పోటీకి దిగారు. పొద్దున్న కామునాయుడు గెడ్డ మీద మాటలతోనే వంతెన కట్టేశాడు. మధ్యాహ్నం సోమునాయుడు దానికి రెండు పక్కలా దీపాలు కూడా పెట్టేశాడు. ఆఫీసరుకి ఆకలేసింది. నేల మీద సున్నంతో గీత గీసి, "కామునాయుడి వాళ్ళు ఇటు, సోమునాయుడి వాళ్ళు అటు నిలబడండి, లెక్కపెట్టుకుని పోతాను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పైడయ్య గేదెల్ని తోలుకొస్తున్నాడు. చూస్తే మధ్యన గీత, అటూ ఇటూ జనం. ఇంకేం కావాలి? గోచీ బిగించాడు. కూత పట్టాడు. అటు వెళ్ళి అందర్నీ ముట్టొచ్చాడు. ఇటు వెళ్ళి అందర్నీ ముట్టొచ్చాడు. ముట్టినవాళ్ళు ముట్టినట్టే బయటికెళ్ళి కూర్చున్నారు. పుట్టినప్పట్నించీ ఉన్న అలవాటు, ఏం చేస్తారు? కామునాయుడూ కూర్చున్నాడు, సోమునాయుడూ కూర్చున్నాడు.

ఆఫీసరు తెల్లబోయాడు. "ఏమయ్యా, అందరూ కూర్చున్నారేం?"

"అందర్నీ ముట్టీసినాడు బాబూ," అన్నాడో ముసలాయన. "మేం సచ్చినట్టే. మిగిలినోడు ఆడొక్కడే."

"మిగిలినవాడే ప్రెసిడెంటు" అని రాసుకుని ఆఫీసరు భోజనానికి పోయాడు.

ఊరంతా నవ్వింది. సన్నెమ్మ నవ్వలేదు. కిందటేడు వానల్లో ఆమె చెల్లెలు నొప్పులు పడుతూ ఈ ఒడ్డున, మంత్రసాని ఆ ఒడ్డున. మధ్యన గెడ్డ. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

"నువ్వేటి సేస్తావో నాకు తెల్దు మావా," అంది సన్నెమ్మ. "ఇంకో ఆడకూతురు ఆ ఒడ్డుకేసి సూస్తా పోకూడదు. వంతెన తే."

పైడయ్య పట్నంలో పెద్దాఫీసరు దగ్గరికి వెళ్ళాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. "రేపు రా" అన్నాడు పెద్దాఫీసరు.

రెండోసారి వెళ్ళాడు. దారి పొడుగునా మాట నమిలి నమిలి వెళ్ళాడు. "వం... వం..." అన్నాడు. "వంకాయలా? మాకొద్దు, సంతకి తీసుకుపో" అన్నాడు పెద్దాఫీసరు.

మూడోసారి వెళ్ళాడు. ఈసారి గడప దగ్గర ఆగాడు. వంగి గడపకి దణ్ణం పెట్టాడు. గోచీ బిగించాడు.

"వంతెన గుడుగుడు మా ఊరికి వంతెన గుడుగుడు గెడ్డ మీద వంతెన గుడుగుడు..."

లోపలికి దూసుకుపోయి పెద్దాఫీసరు భుజం ముట్టాడు. బంట్రోతులు నడుం పట్టారు. గుమాస్తాలు వీపెక్కారు. చిన్నప్పుడు ఆడిన ఆట కదా, పెద్దాఫీసరుకి ఒళ్ళు తెలియలేదు. కుర్చీ ఎక్కి, "కాళ్ళు పట్టండ్రా, కాళ్ళు!" అని అరిచాడు. కాళ్ళూ పట్టారు. అయినా పైడయ్య కూత తెగలేదు. ఆఫీసునంతా ఈడ్చుకుంటూ వచ్చి చెయ్యి చాచి గడప ముట్టాడు.

పెద్దాఫీసరు కుర్చీ దిగి, బయటికెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. "ముట్టేశాడు. నేను చచ్చాను. ఆ వంతెన కాగితం ఇలా తెండి" అన్నాడు. చచ్చినట్టు సంతకం పెట్టాడు.

వంతెన లేచింది. పైడయ్య ప్రెసిడెంటుగా ఉంటూనే గేదెలు కాశాడు, ముసలివాడయ్యాడు, ఒకరోజు పోయాడు. "అయ్యో, పైడయ్య కూత తెగిపోనాదే!" అని ఊరు గొల్లుమంది. సన్నెమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని, "తెగలేదు. గీత ముట్టీసినాడు" అంది. ఉండండి, కాసిన్ని నీళ్ళు తాగుతాను.

సరే. ఇప్పటికీ ఓట్ల కోసం ఏ లీడరొచ్చినా జీలుగువలస వాళ్ళు వంతెన అవతలే కారు దింపేస్తారు. కూత పట్టి ఒక్క ఊపిరిన ఈ ఒడ్డుకి రావాలి. మధ్యలో తెగిందా, వెనక్కే. దాటొచ్చినవాడికి వాగ్దానాలు చేసే ఊపిరి మిగలదు. వాడికే ఓటేస్తారు.

ఇంకోటి ఉంది. నొప్పులు పడే మనిషిని బండెక్కించి వంతెన దాటించేటప్పుడు మొగుడు పక్కన నడుస్తూ కూత పెట్టాలి. వాడసలే భయంతో ఉంటాడు, నాలుగడుగులకే ఊపిరి అయిపోతుంది. అప్పుడు వెనకనుంచి బావమరిది అందుకుంటాడు. వాడికీ చాలకపోతే ఒడ్డున నిలబడ్డ ఊరంతా అందుకుంటుంది. లీడర్ల కూత ఎన్నిసార్లు తెగిందో గానీ, పురిటి బండి కూత ఇంతవరకూ తెగలేదు.